మూడు సిరంజిలు, మూడు గడియారాలు: ఇండక్షన్‌లో మిడాజోలం, ఫెంటనిల్, ప్రొపోఫోల్ కలిసినప్పుడు

ఇండక్షన్ అంటే ఆపరేషన్‌కి ముందు మత్తు మొదలుపెట్టే ఘట్టం. మిడాజోలం మగత, మరుపు తెచ్చే మందు, ఫెంటనిల్ గట్టి నొప్పి మందు, ప్రొపోఫోల్ నిద్రపుచ్చే మందు. పేషెంటుకి 70 ఏళ్లు. బరువు 50 కేజీలు, ఎత్తు 150 సెం.మీ. పిత్తాశయంలో రాళ్లు. లాప్రోస్కోపిక్ కోలిసిస్టెక్టమీకి (చిన్న రంధ్రాల గుండా పిత్తాశయం తీసే ఆపరేషన్) పోస్ట్ చేశారు. 12 ఏళ్లుగా బీపీ ఉంది, టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర రోజూ ఉదయం వేసుకుంటుంది. షుగర్ లేదు. హిమోగ్లోబిన్ 10.8, క్రియాటినిన్ 1.0. ఈసీజీలో ఎడమ జఠరిక కాస్త మందంగా ఉన్న గుర్తులు. ఎకోలో ఈఎఫ్ (జఠరికలోని రక్తంలో గుండె ఒక్కసారికి బయటికి తోసే వాటా) 60 శాతం, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ (జఠరిక సరిగా వదులై నిండకపోవడం, తొలి దశ). ఈ చివరి మాట మన దగ్గర అరవై దాటినవాళ్ల ఎకో రిపోర్టుల్లో ఎంత తరచుగా కనిపిస్తుందంటే, చదివి పక్కన పెట్టేయడం అలవాటైపోయింది. ఈ కేసులో దానికీ కొంత పాత్ర ఉంది.

పీఏసీలో (మత్తుకి ముందు చేసే పరీక్ష) ఏఎస్ఏ 2 (తేలికపాటి జబ్బున్న పేషెంటు) అని రాశారు. ముందురోజు రాత్రి నిద్రకి ఆల్ప్రజోలం 0.25 మి.గ్రా. ఇచ్చారు. రాత్రి 10 నుంచి ఏమీ తాగలేదు. బీపీ మాత్ర మాత్రం ఉదయం 6 గంటలకు గుక్కెడు నీళ్లతో వేయించారు. లిస్టులో రెండో కేసు కావడంతో టేబుల్ మీదికి వచ్చేసరికి 11:38 అయింది. అంటే సుమారు పదమూడున్నర గంటలు పొడిగా ఉంది. వార్డులో ఫ్లూయిడ్స్ ఏవీ పెట్టలేదు. థియేటర్‌లో 20 గేజ్ క్యాన్యులాకి రింగర్ లాక్టేట్ తగిలించారు, ఇండక్షన్ మొదలయ్యేసరికి లోపలికి వెళ్లింది 100 ఎంఎల్ లోపే.

చార్టులో ఉన్నది ఇది.

11:40: బీపీ 158/84 (మీన్, అంటే సగటు ఒత్తిడి, 109), పల్స్ 82, గది గాలి మీద సాచురేషన్ 97. మాస్క్‌తో ఆక్సిజన్ మొదలు. బీపీ కఫ్ 5 నిమిషాల సైకిల్ మీద ఉంది.

11:41: గ్లైకోపైరోలేట్ (పల్స్ పడిపోకుండా చూసే మందు) 0.2 మి.గ్రా., మిడాజోలం 2 మి.గ్రా., ఫెంటనిల్ 100 మైక్రోగ్రాములు. మూడూ ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో ఫ్లష్ తప్ప వ్యవధి లేదు.

11:42: ప్రొపోఫోల్ 80 మి.గ్రా., సుమారు 20 సెకన్లలో. 40 సెకన్ల తర్వాత కూడా రెప్ప వెంట్రుకలు తాకితే కన్ను ఆడింది. ఇంకో 20 మి.గ్రా. ఇచ్చారు. మొత్తం 100.

11:43: వెక్యురోనియం (కండరాలు వదులు చేసే రిలాక్సెంట్) 5 మి.గ్రా., మాస్క్ వెంటిలేషన్, ఐసోఫ్లూరేన్ (పీల్చే మత్తు వాయువు) 1 శాతం.

11:45: బీపీ 74/38 (మీన్ 50), పల్స్ 58. ఐసోఫ్లూరేన్ ఆపారు. మెఫెంటర్మిన్ (బీపీ పెంచే మందు) 6 మి.గ్రా., ఫ్లూయిడ్ ఫుల్ ఫ్లో.

11:47: 78/40 (మీన్ 53). మెఫెంటర్మిన్ ఇంకో 6.

11:48: లారింగోస్కోపీ (గొంతులోకి బ్లేడు పెట్టి చూడడం), శ్వాసనాళంలోకి ట్యూబ్. 11:49కి 118/64 (మీన్ 82). అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఐసోఫ్లూరేన్ 0.8 శాతం మళ్లీ తెరిచారు.

11:55: బీపీ 68/36 (మీన్ 47), పల్స్ 52. కాప్నోగ్రాఫ్‌లో 34 ఉన్న ఎండ్ టైడల్ (వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్) 25కి దిగింది. అప్పటికి పెయింటింగ్, డ్రేపింగ్ (చర్మానికి మందు పూయడం, గుడ్డలు కప్పడం) జరుగుతున్నాయి, కత్తి ఇంకా పడలేదు. ఐసోఫ్లూరేన్ 0.3కి తగ్గించి, ఫినైల్‌ఎఫ్రిన్ (రక్తనాళాలు బిగించే మందు) 100 మైక్రోగ్రాములు ఇచ్చారు. 11:57కి 82/44 (మీన్ 57), పల్స్ 46. గ్లైకోపైరోలేట్ మరో 0.2 ఇచ్చి, నార్అడ్రినలిన్ (బీపీ పెంచే ఇంకో మందు) 8 మైక్రోగ్రాముల బోలస్‌లు (ఒక్కసారిగా ఇచ్చే డోసులు) రెండు. 12:00కి 108/58 (మీన్ 75). తర్వాత అదే మందు కేజీకి నిమిషానికి 0.05 మైక్రోగ్రాముల ఇన్‌ఫ్యూజన్ (ఆగకుండా సాగే ధార).

12:08కి ఇన్సిషన్. పొట్టలో ప్రెషర్ 10 మి.మీ. దాటనివ్వలేదు, తల ఎత్తే పొజిషన్ మెల్లగా ఇచ్చారు. 12:35కి నార్అడ్రినలిన్ ఆగింది. సర్జరీ సాఫీగా 55 నిమిషాల్లో అయిపోయింది. ఏజెంట్ (మత్తు వాయువు) ఆపాక కళ్లు తెరవడానికి 25 నిమిషాలు పట్టింది. రికవరీలో రెండు గంటలు మగతగానే ఉంది. క్రియాటినిన్ రెండో రోజు 1.3 అయింది, ఐదో రోజు రివ్యూకి మళ్లీ 1.0.

ఎవరూ ఏదీ పొరపాటున రెట్టింపు ఇవ్వలేదు. లేబుల్ తారుమారు కాలేదు. మూడు డోసులూ అడల్ట్ డోసుల పట్టీలో చూపించగలిగినవే. మరి రెండుసార్లు ఎందుకు పడిపోయింది? మొదటి పతనం కంటే రెండోది ఎందుకు లోతుగా ఉంది? రెండో ప్రశ్నలోనే అసలు విషయం ఉంది.

డోసుల లెక్క, రూపాయి పైసల్లో

పేషెంటుని నిద్రపుచ్చడానికి ఒక్కో మందు ఒంటరిగా ఎంత కావాలో దాన్ని రూపాయి అనుకుందాం. రెండు మందులు కలిపినప్పుడు అర్ధరూపాయి ఇదీ అర్ధరూపాయి అదీ అవసరమైతే వాటి మధ్య ఉన్నది కూడిక. 30 పైసలు ఇదీ 30 పైసలు అదీ ఇచ్చినంత మాత్రానే నిద్రపోతే అది సినర్జీ, కూడిక కంటే ఎక్కువ. పీజీలు గీసే ఐసోబోలోగ్రామ్ ఇంతే: రెండు అక్షాల మీద రెండు రూపాయి చుక్కలు, వాటిని కలిపే గీత తిన్నగా ఉంటే కూడిక, సున్నా వైపు లోపలికి వంగితే సినర్జీ.

70 ఏళ్ల వయసులో ప్రొపోఫోల్ ఒంటరిగా ఇచ్చినా కేజీకి 1 నుంచి 1.5 మి.గ్రా. చాలు. ఈమెకి 50 నుంచి 75 మి.గ్రా. ఇచ్చింది 100. అంటే ప్రొపోఫోల్ ఒక్కటే రూపాయిన్నర. మిడాజోలంతోనే ఇండక్షన్ చేయాలంటే ఈ వయసులో కేజీకి సుమారు 0.2 మి.గ్రా., అంటే 10 మి.గ్రా. కావాలి. ఇచ్చిన 2 మి.గ్రా. అందులో 20 పైసలు. వట్టి కూడికతోనే రూపాయి 70 పైసలు దాటింది. ఆ రెండింటి మధ్య ఉన్నది కూడిక కాదు, గట్టి సినర్జీ. రాత్రి ఆల్ప్రజోలం, పక్కన ఫెంటనిల్, మీద ఐసోఫ్లూరేన్ ఇంకా లెక్కలోకి రాలేదు.

మిడాజోలం, ప్రొపోఫోల్ ఒకదాన్నొకటి ఇంతగా పెంచడానికి కారణం వాటి చోటు. రెండూ పనిచేసేది గాబా-ఎ రిసెప్టర్ (మెదడును శాంతపరిచే గాబా రసాయనం పట్టుకునే చోటు) మీదే, కానీ వేర్వేరు తలుపుల దగ్గర. మిడాజోలం ఆల్ఫా, గామా సబ్‌యూనిట్ల మధ్య సందులో కూర్చుని గాబా పట్టును బిగిస్తుంది. అది ఒంటరిగా క్లోరైడ్ ద్వారాన్ని తెరవలేదు. ప్రొపోఫోల్ బీటా సబ్‌యూనిట్ ఉన్నచోట, పొర లోపల పట్టుకుంటుంది, డోసు ఎక్కువైతే గాబా లేకుండానే ద్వారం తెరుస్తుంది. ఒకరు తాళం వదులు చేసి పెడితే ఇంకొకరు తోయడం లాంటిది. థయోపెంటోన్ (మరో నిద్ర మందు), మిడాజోలం మధ్య కూడా ఇదే కథ. ఎటోమిడేట్ (ఇది కూడా నిద్ర మందే), మిడాజోలం కలిపినప్పుడు కూడా "ఎటోమిడేట్ కదా, బీపీకి ఏం కాదు" అని డోసు తగ్గించకపోవడం పొరపాటే.

కెటమిన్ అనే మత్తు మందు దారి వేరు, అది ఎన్ఎండీఏ అనే వేరే రిసెప్టర్ మనిషి. మిడాజోలంతో గానీ ప్రొపోఫోల్‌తో గానీ నిద్ర విషయంలో దాదాపు కూడికగానే ఉంటుంది. కెటోఫోల్‌లో (కెటమిన్, ప్రొపోఫోల్ మిశ్రమం) బీపీ నిలబడడానికి కారణం రెండూ రక్తప్రసరణ మీద ఎదురెదురుగా లాగడమే. అయినా సెప్సిస్‌లో రోజుల తరబడి నలిగి, కాటెకోలమైన్లు (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు) అడుగంటిన పేషెంటులో కెటమిన్ కూడా గుండెని కుంగదీస్తుంది. దాన్ని బీపీ మందులా నమ్ముకోకూడదు.

ఇక ఫెంటనిల్. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. నిద్ర అనే ఎండ్‌పాయింట్‌కి (మందు ఫలితాన్ని కొలిచే చోటు) ఫెంటనిల్ ప్రొపోఫోల్ అవసరాన్ని ఓ మోస్తరుగానే తగ్గిస్తుంది. లారింగోస్కోపీ, స్కిన్ ఇన్సిషన్ అనే ఎండ్‌పాయింట్లకి చాలా ఎక్కువగా తగ్గిస్తుంది. అందుకే ఇంటరాక్షన్ అనే మాటని ఎండ్‌పాయింట్ చెప్పకుండా వాడితే అర్థం ఉండదు. మిడాజోలం, ప్రొపోఫోల్ మాత్రమే ఇచ్చి ఫెంటనిల్ మానేస్తే పేషెంటు హాయిగా నిద్రపోతుంది, లారింగోస్కోప్ పెట్టగానే బీపీ 200 దాటొచ్చు. నిద్రలో వచ్చిన సినర్జీ గొంతులో పనికిరాదు.

బీపీ మూడో ఎండ్‌పాయింట్. ప్రొపోఫోల్ వెయిన్ల, ఆర్టరీల బిగువు తగ్గించి, బారోరిసెప్టర్ రిఫ్లెక్స్‌ని కూడా నొక్కేస్తుంది, అందుకే బీపీ పడినా పల్స్ పెరగదు. ఫెంటనిల్ వేగస్‌ని (గుండెని నెమ్మదింపజేసే నరం) రెచ్చగొట్టి, సింపథెటిక్‌ని (గుండె వేగాన్ని, రక్తనాళాల బిగువుని పెంచే నరాలు) పడుకోబెడుతుంది. మిడాజోలం ఉన్న కాస్త సింపథెటిక్ బిగువునీ తీసేస్తుంది. మిడాజోలంతో ప్రొపోఫోల్ ఆదా అవుతుంది కాబట్టి బీపీకి మంచిదని తరచూ వినబడుతుంది. ఆ ఆదా నిజంగా చేసినప్పుడే ఆ మాట చెల్లుతుంది. మిడాజోలం ఇచ్చి, ప్రొపోఫోల్ అంతే ఇస్తే ఆదా సున్నా, నష్టం రెండింతలు. ఈ కేసులో జరిగింది అదే.

గడియారాల లెక్క

ప్రొపోఫోల్ ఒంటరిగా ఇచ్చినప్పుడు మెదడు మీద పూర్తి ప్రభావం సుమారు ఒకటిన్నర రెండు నిమిషాలకు వస్తుంది. ఫెంటనిల్‌కి 3 నుంచి 4 నిమిషాలు. మిడాజోలం ఇంకా నెమ్మది: ఆంపూల్‌లో పీహెచ్ 3 దగ్గర ఉండే మందు, రక్తంలోకి వచ్చాక దాని రింగు మూసుకుని కొవ్వులో కరిగే రూపం తీసుకోవాలి, తర్వాత మెదడులోకి వెళ్లాలి. 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది, వృద్ధుల్లో ఇంకా ఎక్కువే.

ఇప్పుడు చార్టు మళ్లీ చూడండి. 11:41కి మిడాజోలం, ఫెంటనిల్. 11:42కి ప్రొపోఫోల్. 11:43 కాకముందే రెప్ప ఆడుతోందని ఇంకో 20 మి.గ్రా. ఆ క్షణానికి ముందు ఇచ్చిన రెండు మందులూ పని మొదలుపెట్టాయంతే. మొదటి 80 మి.గ్రా. ప్రొపోఫోల్ కూడా చెయ్యి నుంచి మెదడుకి చేరి స్థిరపడలేదు: 70 ఏళ్లలో కార్డియాక్ అవుట్‌పుట్ తక్కువ, మందు ప్రయాణం నెమ్మది. కన్ను ఆడుతోందంటే మందు చాలలేదని కాదు, ఇంకా రాలేదని. ఆ 20 మి.గ్రా. తోసిన వేలికి అది తెలియదు. 11:44, 11:45 నిమిషాల్లో మూడు శిఖరాలూ ఒకేచోట కలిశాయి, వాటి మీద ఐసోఫ్లూరేన్ నాలుగోది. అదే సమయంలో వెక్యురోనియం పట్టుకునేదాకా మూడు నిమిషాలు ఏ నొప్పీ లేని నిశ్శబ్దం.

ఇక రెండో పతనం. ప్రొపోఫోల్‌కి రెండు గడియారాలున్నాయి. మెదడు మీద ప్రభావానికి హాఫ్‌టైమ్ (రక్తంలో మందు స్థాయి స్థిరంగా ఉంటే ప్రభావం సగానికి చేరే సమయం) ఏ వయసులోనైనా 2 నిమిషాలకు కొంచెం పైన. సిస్టాలిక్ బీపీ మీద ప్రభావానికి మాత్రం యువకుల్లో సుమారు 6 నిమిషాలు, 70 దాటినవాళ్లలో 10 నిమిషాలు. అంటే పెద్దవాళ్లు నిద్రలోకి త్వరగానే జారతారు, బీపీ మాత్రం తాపీగా, ఆలస్యంగా, ఇంకా లోతుగా దిగుతూనే ఉంటుంది. 11:49కి కనిపించిన 118 అబద్ధం కాదు, కానీ అది లారింగోస్కోప్ బ్లేడు అరువిచ్చిన బీపీ. ట్యూబ్ కట్టేశాక ఆ అరువు తీరిపోయింది, ప్రొపోఫోల్ దిగుడు ఇంకా సాగుతోంది, మెఫెంటర్మిన్ ఊపు తగ్గుతోంది, ఐసోఫ్లూరేన్ మళ్లీ తెరిచి ఉంది. ఆపై ఇన్సిషన్ దాకా ఇరవై నిమిషాలు పేషెంటుని తాకేది బెటాడిన్ ఒక్కటే.

కఫ్ సంగతి కూడా చెప్పాలి. 5 నిమిషాల సైకిల్ మీద 11:40, 11:45 అంకెలే ఉన్నాయి. 158 నుంచి 74కి మధ్యలో ఎప్పుడు పడిందో రికార్డులో లేదు. 11:49 నుంచి 11:55 మధ్య కూడా అంతే. మీన్ 65 కింద గడిచిన సమయం ఎనిమిది పది నిమిషాలు కావచ్చు, ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. 158/84 అలవాటైన కిడ్నీకి ఆ నిమిషాలు తేలిక కాదు, క్రియాటినిన్‌లో 0.3 పెరుగుదల ఆ బిల్లే కావచ్చు.

మందుల మధ్యనే కాదు

టెల్మిసార్టాన్ హాఫ్‌లైఫ్ సుమారు 24 గంటలు. ఉదయం వేసిన మాత్ర టేబుల్ మీద పూర్తి బలంతో ఉంది. అనస్థీషియాలో బీపీని నిలబెట్టే మూడు కాళ్లు సింపథెటిక్, రెనిన్ యాంజియోటెన్సిన్ (టెల్మిసార్టాన్ అడ్డుకునే హార్మోన్ల గొలుసు), వాసోప్రెసిన్ (రక్తనాళాలు బిగించే హార్మోన్). ప్రొపోఫోల్, ఫెంటనిల్, మిడాజోలం మొదటి కాలు తీసేశాయి, టెల్మిసార్టాన్ రెండోది. మెఫెంటర్మిన్ ఎక్కువగా నరాల చివర్లలో దాచుకున్న నార్అడ్రినలిన్‌ని విడుదల చేసి పనిచేస్తుంది, కాబట్టి ఇలాంటి పేషెంటులో బలహీనంగా, ఆలస్యంగా పలుకుతుంది. మొదటి 6 మి.గ్రా. ఇచ్చాక కూడా మీన్ 53 దగ్గరే ఆగడం దానికి గుర్తు. రెండు డోసులకు పలకకపోతే మూడోది అదే ఇవ్వడం కంటే నేరుగా పనిచేసే మందుకి మారాలి. ఫినైల్‌ఎఫ్రిన్ నేరుగా పనిచేస్తుంది కానీ పల్స్ అప్పటికే 52 ఉన్నప్పుడు అది ఇంకా దించుతుంది. 46కి దించింది కూడా. నార్అడ్రినలిన్ ఇక్కడ మెరుగు. దానికీ లొంగకపోతే వాసోప్రెసిన్ 1 యూనిట్.

పొడిబారిన ఒళ్లు, థయజైడ్ (బీపీ మాత్రలో ఉన్న, ఒంట్లో నీరు తీసే మందు), గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ మూడూ ఒకే వైపు తోస్తాయి: బిగుసుకున్న జఠరిక నిండాలంటే వెనక నుంచి రక్తం కావాలి, వెయిన్లు వదులైతే అది రాదు. ప్రొపోఫోల్ వల్ల కార్డియాక్ అవుట్‌పుట్ తగ్గడంతో ఇంకో మెలిక ఉంది. లివర్‌కి రక్తం తగ్గి మిడాజోలం, ఫెంటనిల్ నెమ్మదిగా కరుగుతాయి. మిడాజోలంని కరిగించే సీవైపీ 3ఏ4 ఎంజైమ్‌ని ప్రొపోఫోల్ కూడా కొంత అడ్డుకుంటుంది. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, డిల్టియాజెమ్ వాడుతున్నవాళ్లలో ఇదే ఎంజైమ్ దగ్గర మిడాజోలం ఇంకా ఇరుక్కుంటుంది. రెండు గంటల మగతకి ఇక్కడ ఆ 2 మి.గ్రా. మీదే ఎక్కువ అనుమానం. ఫ్లూమజెనిల్ (మిడాజోలంకి విరుగుడు) ఆలోచించారు కానీ శ్వాస బాగుండడంతో ఇవ్వలేదు, సరైన నిర్ణయమే.

శ్వాస విషయం ఈ కేసులో ఇబ్బంది పెట్టలేదు, ఆక్సిజన్ ముందే ఇచ్చి మాస్క్ చేతిలో ఉంది కాబట్టి. హోల్డింగ్ ఏరియాలో "కాస్త రిలాక్స్ అవుతారు" అని మిడాజోలం, ఫెంటనిల్ కలిపి ఇచ్చి ట్రాలీ మీద వదిలేసే అలవాటున్న చోట మాత్రం 1990లో వచ్చిన ఒక ప్రయోగం గుర్తుంచుకోవాలి. 12 మంది ఆరోగ్యవంతుల్లో కేజీకి 0.05 మి.గ్రా. మిడాజోలం ఒంటరిగా శ్వాసని ఏమీ చేయలేదు. కేజీకి 2 మైక్రోగ్రాముల ఫెంటనిల్ ఒంటరిగా 6 మందిలో సాచురేషన్‌ని 90 కిందికి దించింది, శ్వాస ఎవరికీ ఆగలేదు. రెండూ కలిపితే 11 మందికి సాచురేషన్ పడింది, 6 మందికి శ్వాస ఆగింది. ఈ పేషెంటుకి ఇచ్చిన ఫెంటనిల్ అంతే, మిడాజోలం కేజీకి 0.04.

ట్యూబింగ్‌లో జరిగే ఇంటరాక్షన్‌ని కూడా ఒక్క మాటలో. ఇక్కడ ప్రొపోఫోల్ వాడారు కాబట్టి ఆ గొడవ రాలేదు. థయోపెంటోన్ పీహెచ్ 10 పైన, వెక్యురోనియం, రొక్యురోనియం, సక్సినైల్‌కోలిన్ (మూడూ రిలాక్సెంట్లే), మిడాజోలం అన్నీ ఆమ్లం వైపు. థయోపెంటోన్ వెనకే ఫ్లష్ లేకుండా రిలాక్సెంట్ తోస్తే త్రీవేలో (లైన్‌లో ఉండే మూడు దారుల కుళాయి) పాలు విరిగినట్టు తెల్లటి తరకలు కనిపిస్తాయి. లైన్ మూసుకుపోతే పేషెంటు నిద్రపోయి, రిలాక్సెంట్ చేరక, వెయిన్ చేజారిన స్థితి వస్తుంది. రెండు మందుల మధ్య ధారగా 10 ఎంఎల్ వెళ్లేదాకా ఆగడం తప్ప దీనికి కిటుకు లేదు. ప్రొపోఫోల్‌లో మంట తగ్గడానికి లిగ్నోకెయిన్ కలిపేటప్పుడు కూడా 20 ఎంఎల్‌కి 20 మి.గ్రా. దాటకుండా, కలిపిన వెంటనే వాడాలి. ఎక్కువ కలిపి నిలవ ఉంచితే నూనె బిందువులు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి.

ఇదే పేషెంటు, ఐదు నెలల తర్వాత

బొడ్డు దగ్గర 10 మి.మీ. పోర్ట్ గాయంలో హెర్నియా వచ్చింది, లాప్రోస్కోపిక్ మెష్ రిపేర్‌కి మళ్లీ జనరల్ అనస్థీషియా. బరువు 49. పాత చార్టు ఫైల్లో ఉండడం వల్ల ప్లాన్ దాన్నిబట్టే వేశారు.

టెల్మిసార్టాన్ మాత్ర 24 గంటల ముందు ఆపారు. ఆల్ప్రజోలం లేదు. రెండు గంటల ముందు వరకు నీళ్లు తాగనిచ్చి, లిస్టులో మొదటి కేసుగా ఉదయం 8:30కి తీసుకున్నారు. రింగర్ లాక్టేట్ 250 ఎంఎల్ ముందే వెళ్లింది. కఫ్ ఒక నిమిషం సైకిల్. నార్అడ్రినలిన్ 4 మి.గ్రా. 50 ఎంఎల్‌లో కలిపి (ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు) పంపులో పెట్టి లైన్‌కి తగిలించారు. అందులోంచి 1 ఎంఎల్ తీసి 10 ఎంఎల్ చేస్తే ఎంఎల్‌కి 8 మైక్రోగ్రాముల బోలస్ సిరంజి. ఈ సిరంజికి ఎర్ర అక్షరాల లేబుల్ వేసి వేరే ట్రేలో ఉంచారు: పంపు సిరంజి, బోలస్ సిరంజి పది రెట్లు తేడా, పక్కపక్కన పడుకోబెడితే ఎప్పుడో ఒకరోజు ఒకదాని బదులు ఇంకొకటి తీస్తారు.

మొదట ఫెంటనిల్ 50 మైక్రోగ్రాములు. తర్వాత నాలుగు నిమిషాలు ఆక్సిజన్ మాత్రమే. మిడాజోలం ఇవ్వలేదు. ఇవ్వాలనుకుంటే 0.5 నుంచి 1 మి.గ్రా., అది కూడా ప్రొపోఫోల్‌కి ఐదు నిమిషాల ముందు, ప్రొపోఫోల్ కేజీకి 1 మి.గ్రా. లోపే పెట్టుకుని. ప్రొపోఫోల్ 20 మి.గ్రా. ఇచ్చి గోడ గడియారం చూస్తూ 40 సెకన్లు ఆగారు. "అమ్మా, కళ్లు తెరవండి" అంటే తెరిచింది. ఇంకో 20, ఇంకో 40 సెకన్లు. పిలిస్తే కనుబొమ్మ ముడిపడింది, కళ్లు తెరవలేదు. ఇంకో 10. ఈసారి పలకలేదు, రెప్ప కూడా ఆడలేదు. మొత్తం 50 మి.గ్రా., మొదటిసారి దాంట్లో సగం. ఆ ఆగడం కష్టం. సర్జన్ చేతులు కడుక్కుని వచ్చి నిలబడి ఉంటే 40 సెకన్లు నాలుగు నిమిషాల్లా ఉంటాయి.

వెక్యురోనియం బదులు రొక్యురోనియం 30 మి.గ్రా., నిశ్శబ్దంగా గడిపే సమయం మూడు నిమిషాల నుంచి ఒకటిన్నరకి తగ్గించడానికి. అయితే తక్కువ ప్రొపోఫోల్‌కి కూడా ఒక ధర ఉంది. 50 మి.గ్రా. అయిదారు నిమిషాల్లో మెదడులోంచి చెదిరిపోతుంది, మిడాజోలం మరుపు కూడా లేదు, రిలాక్సెంట్ కింద మెలకువ వచ్చే ప్రమాదం నిజమైనదే. అందుకే పిలుపుకి పలకడం ఆగగానే సెవోఫ్లూరేన్ (ఇదీ పీల్చే మత్తు వాయువే) 1 శాతం తెరిచారు, ఒకేసారి 2 శాతం కాదు. 40 ఏళ్ల తర్వాత పదేళ్లకి సుమారు 6 శాతం చొప్పున మ్యాక్ (కత్తి పడినా సగంమంది కదలకుండా ఉండడానికి కావాల్సిన వాయువు మోతాదు) తగ్గుతుందని వేపరైజర్ డయల్‌కి తెలియదు, తిప్పే చేతికి తెలియాలి.

మొదటి బీపీ 150/82 (మీన్ 105). ట్యూబ్‌కి ముందు అతి తక్కువ 116/62 (మీన్ 80). ట్యూబ్ పడ్డాక 138/74 (మీన్ 95). డ్రేపింగ్ సమయంలో, అంటే మొదటిసారి రెండో గుంట వచ్చిన చోటే, 104/58 (మీన్ 73). నార్అడ్రినలిన్ 8 మైక్రోగ్రాముల బోలస్ ఒకటి ఇచ్చారు, ఇన్‌ఫ్యూజన్ మొదలుపెట్టాల్సిన పని పడలేదు. కేసు చివర ఏజెంట్ ఆపాక 9 నిమిషాలకు కళ్లు తెరిచింది. రెండో రోజు క్రియాటినిన్ 1.0.

ఇక్కడ మారింది ఒక్కటి కాదు: టెల్మిసార్టాన్ ఆగింది, ఒంట్లో నీళ్లున్నాయి, మిడాజోలం పోయింది, ప్రొపోఫోల్ సగమైంది, రిలాక్సెంట్, వేపర్ రెండూ వేరు. వీటిలో ఏది ఎంత కాపాడిందో ఈ రెండు చార్టులు పక్కన పెట్టుకుని చెప్పలేం. డ్రేపింగ్ దగ్గర గుంట మాత్రం రెండుసార్లూ అదే సమయానికి వచ్చింది, రెండోసారి కఫ్ నిమిషానికోసారి కొడుతోంది కాబట్టి అది 73 దగ్గరే కనబడింది.